భోగిపళ్లు... టేక్ త్రీ!

పండక్కి ఊరొస్తూ పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లలో అయిదు నెలల బుజ్జిగాడూ ఉన్నాడు. వాడికి సంక్రాంతి తెలీదు. ఆకలి, నిద్ర, తడిసిన డైపరు, ఈ మూడే తెలుసు.

భోగి సాయంత్రం పిల్లాణ్ని పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్లు, చెరకుముక్కలు, పూలరెక్కలు, చిల్లర నాణేలు కలిపి తల మీద పోసేది దిష్టి పోవాలని. ఇప్పుడు పీట పోయి సెట్టింగు వచ్చింది. వెనక థర్మాకోల్ ఎడ్లబండి, ముందు రింగులైటు. "అమ్మమ్మగారూ, ఫోకస్ కుదర్లేదు, మళ్లీ పోయండి" అంటాడు ఫొటోగ్రాఫరు. మూడో టేకుకి బుజ్జిగాడు గుక్కపట్టాడు. చిల్లర అడిగితే బాబాయి జేబులోంచి ఫోను తీశాడు, "స్కానర్ ఏదమ్మా?" అంటూ. తీసిన దిష్టి చల్లారకముందే రీలు పెట్టి లోకం దిష్టంతా మళ్లీ తగిలించారు.

ఇక వాడి తిండి సంగతి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. పెద్దత్తయ్య మాత్రం "అరిసెల పాకం కాస్త వాడి నాలుక్కి రాస్తే ఏం కాదులేవే" అంటుంది. పాలిస్తూ గదిలో కూర్చున్న కోడలికి పండగ చప్పుళ్లు గోడ అవతల్నుంచే వినపడతాయి.

ఇంతకీ పిల్లాడి నాన్నేడీ? కోడిపందేల బరి దగ్గర! డైపరు ఎటు తిప్పి కట్టాలో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఏ రంగు పుంజును ఏ దిక్కున వదలాలో చెప్పే కుక్కుటశాస్త్రం మాత్రం కంఠతా వచ్చు!