చాయ్ మానిన కోటీశ్వరులు

నిన్న మొన్నటి వరకు తలుపు చాటున, పోపుల డబ్బా అడుగున, చీరకొంగు ముడిలో దాగి, ఇంటికి చుట్టములు వచ్చినపుడు ముఖము చూపుటకు సిగ్గుపడుచుండిన పొదుపు అను గుణము, ఇప్పుడు ‘నో బై’ అనియు, ‘లౌడ్ బడ్జెటింగ్’ అనియు, ‘మినిమలిజం’ అనియు విదేశీయ నామధేయములు ధరించి, ముఖమునకు దీపకాంతియు నోటి ముందు మైకును అమర్చుకొని, నలువదవ యంతస్తు బాల్కనీ నుండి మనకు హితోపదేశము చేయుచున్నది. ఈ సౌభాగ్యమునకు సంతసింపని వాడు రసహీనుడు. నెల యెల్ల ఏమియు కొనకుండ బ్రదుకుట యెట్లో బోధించు రీలును మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒకరి వెంట నొకరు పంపినారు. పంపినవారిలో ఏడాదిగా మెయింటెనెన్సు బాకీ యున్న పెద్దమనిషియు ఉండుట చూచి, బోధ వినకముందే ఆచరణము మొదలిడిన మహానుభావులు మన నడుమనే కలరని పొంగిపోతిని.

ఐనను, మియాపూరు వాసులకు పొదుపు నేర్పవచ్చుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు వేయుటయే. ఆల్విన్ కంపెనీ అంతరించినను కాలనీకిని చౌరస్తాకును దాని పేరు మిగిలియున్న ఈ ప్రాంతమున, క్రొత్త మేడల నీడ పడు సందులలో, ఒంటి పడకగది వాటాలో కాపురముండు ఏ గృహిణి వంటయింటికైనను పోయి చూడుడు: హార్లిక్సు సీసాలో కందిపప్పు, ఐస్‌క్రీము డబ్బాలో ఎండుమిరప, ఎవరి పెండ్లికో బిర్యానీ వచ్చిన ప్లాస్టిక్ గిన్నెలో అల్లం వెల్లుల్లి ముద్ద. చిరిగిన చీర బొంత యగును; బొంత చిరిగి గుమ్మము ముందు కాళ్లు తుడుచుకొను పట్టా యగును; అదియు చిరిగి బండి తుడుచు పీలిక యగును. టూత్‌పేస్టు గొట్టమును కత్తెరతో నిలువునా కోసి మరి నాలుగు దినములు గడపుట, పాల ప్యాకెట్లను కడిగి ఆరబెట్టి పాత సామాన్ల వానికి తూకమునకు వేయుట, రంగు వెలసిన పంట్లాములు మూటగట్టి యిచ్చి, వీధిలో స్టీలు సామాన్లు అమ్మ వచ్చిన యామెతో మధ్యాహ్న మంతయు బేరమాడి ఒక గిన్నె సంపాదించుట, ఇవి యన్నియు ఆమెకు నిత్యకృత్యములు. ఆమెకు ఫాలోయర్లు లేరు. తాను చేయునది ఫ్యాషను అని ఆమెకు ఇంకను ఎవ్వరును చెప్పలేదు.

ఉపదేశకుల మార్గము వేరు. వారు ముందుగా ఇంటిలోని పాత డబ్బాలన్నిటిని పారవేయుమందురు. మినిమలిజమునకు వెదురు మూతలు గల గాజు సీసాలు, అన్నియు ఒకే యెత్తువి, డజను కావలెనట. కొనుటకు లింకు దిగువనే యున్నదట. ఏమియు కొనరాదను వ్రతమునకు కొనవలసిన పూజాద్రవ్యముల పట్టీ ఇంత పొడవున్నది! ఖర్చు వ్రాసికొనుటకు ‘కకేబో’ అను జపాను పద్దు పుస్తకము మరియొకటి. 1904లో హనీ మోతోకో అను పత్రికా రచయిత్రి తన దేశపు గృహిణుల మేలు కోరి రూపొందించిన ఆ నిరాడంబరమైన పద్ధతి, మన చేతికి వచ్చునప్పటికి తోలు అట్టయు పట్టుదారపు గుర్తును తగిలించుకొన్నది. మా వీధి కిరాణా కొట్టులో మేకుకు వ్రేలాడు ఖాతా పుస్తకమున అంతకన్న నిష్ఠురమైన సత్యములు వ్రాసియున్నవి, వెల లేకుండ.

ఇవి యెల్ల సహింపవచ్చును. సహింపరానిది టీ లెక్క.

రోజుకొక టీ మానుము, కోటీశ్వరుడవు కమ్ము. ఈ మంత్రమును ఎవడు దర్శించెనో కాని, ప్రతి ఉపదేశకుడును దానినే వల్లించుచున్నాడు. వినువారందరును ఔను గదా యని తలలూపుచున్నారు. ఒక్కడును కాగితము తీసి గుణించిన పాపమున పోలేదు. వృద్ధాప్యమున ఒక కోటి చేతిలో నున్న చేదు కాదు గనుక నేను గుణించితిని. ఇరానీ హోటలులో కప్పు 20 రూపాయలు, నెలకు 600. ఇరువదియైదేండ్ల యువకుడు అరువది వచ్చు వరకు, ముప్పదియైదు సంవత్సరములు, నోరు కట్టుకొని నెలనెల ఆ 600ను మ్యూచువల్ ఫండులో వేసెననుకొందము. అది ఏటేట 12 శాతము పెరుగునని వారు చెప్పినట్లే ఒప్పుకొందము. ఆ మాట ముగిసిన వెంటనే ‘మార్కెట్ నష్టములకు లోబడి’ అని ఊపిరి తీయకుండ చదువు గొంతుకను విననట్లు నటింతము. అంతయు చేసి తుదకు వచ్చునది సుమారు 39 లక్షలు. కోటి కావలెనన్న రోజుకు 50 రూపాయలకు పైగా మానవలెను, అనగా రెండున్నర టీలు. మానవలెనన్న ముందు త్రాగుచుండవలెను గదా! కాబట్టి కోటీశ్వరుడు కాగోరు పేదవాడు మొట్టమొదట చేయవలసిన పని, రోజుకు రెండున్నర టీలు త్రాగుట అలవరచుకొనుట.

అంతటితో పోలేదు. ధరలు ఏటా 6 శాతము చొప్పున పెరిగినచో ఆ ముప్పదితొమ్మిది లక్షల విలువ నేటి లెక్కకు ఐదు లక్షలు. ఆనాటికి అదే టీ కప్పు 154 రూపాయలగును. ఆ ధరకు ఆ సొమ్ముతో సుమారు 25,000 కప్పులు కొనవచ్చును. అప్పటికి ఆ త్యాగమూర్తికి అరువది యేండ్లు నిండియుండును, వైద్యుడు చక్కెర మాన్పించి యుండును. మార్కెటు భయముండి పోస్టాఫీసునకు పోయి, 2020 నుండి 7.1 శాతము దగ్గర కదలక కూర్చున్న పీపీఎఫ్‌లో వేసిన యెడల చేతికందునది పది లక్షల పైచిలుకు. దానిని నేటి ధరలకు తగ్గించి చూచుకొన్నచో, ముప్పదియైదేండ్ల సంయమమునకు ఫలము లక్షన్నర కూడ కాదు. ఇంత తపస్సునకు పూర్వము దేవతలు ప్రత్యక్షమై, కనీసము వరమేమి కావలెనని అడిగెడివారు.

ఇంతకును ఆ టీ ఎవరిది? తెల్లవారుజామున విజయవాడ వైపు నుండి రాత్రి బస్సులు వచ్చి మియాపూరులో మనుష్యులను దింపునప్పటికి, టీ కొట్టు పొయ్యి రాజియుండును. రాత్రి కాపలా ముగించిన సెక్యూరిటీ గార్డు, ఎయిర్‌పోర్టు ట్రిప్పు చేసి వచ్చిన క్యాబ్ డ్రైవరు, ఫైలు కవరులో సర్టిఫికెట్లు పెట్టుకొని దిగిన ఊరి కుర్రవాడు, గోడపని మేస్త్రీ, అందరును అచ్చటనే నిలుతురు. ఏ కంపెనీలో హౌస్‌కీపింగునకు మనుష్యులను తీసికొనుచున్నారో, ఏ గదిలో ఒక మంచము ఖాళీ యున్నదో, ఏ మేస్త్రీ కూలి యెగవేయునో, ఎవని నడిగిన ఐదువందలు చేబదులు పుట్టునో, ఈ సమాచార మంతయు ఆ గ్లాసుతో వచ్చును. అదియు భారమనుకొన్న వారికి ‘వన్ బై టూ’ కలదు. ఒక టీని రెండుగా పోసి యిచ్చు ఆ ఏర్పాటు ఈ నగరమున ఏ రీలును పుట్టకముందే పుట్టినది. నలువదవ అంతస్తు నుండి చూచువానికి అది పాలు, డికాక్షను, దుర్వ్యయము.

సరే, ఆ టీ త్రాగువాడు మానినాడు. నెలకు 600 మిగిలినది. వచ్చే నెల అద్దె వెయ్యి పెరుగును.

ఎందుకు పెరిగినదని అడుగరాదు. అడిగిన ఖాళీ చేయుమందురు. ఖాళీ చేసిన పెయింటింగు పేర ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసికొందురు. క్రొత్త యింటికి మరల అడ్వాన్సు, మరల ఆటో ట్రాలీ, మరల బ్రోకరు. ఏడాది టీలు మానిన 7,200 రూపాయలు బిడ్డ బడి బస్సునకు చాలవు. పుస్తకములు బడిలోనే కొనవలెను, బూట్లు బడిలోనే కొనవలెను. ఫీజుల సంగతి తేల్చుటకు 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు గారి కమిటీ వచ్చినది, నివేదిక వచ్చినది; ఫీజు మాత్రము దిగి రాలేదు. 2025 ఏప్రిల్‌లో గ్యాసు సిలిండరుపై ఒక్క దెబ్బన 50 రూపాయలు పెంచి హైదరాబాదులో 905 చేసిన నాడు ఈ పొదుపు గురువులలో ఎవరును గొంతెత్తలేదు. మరుసటి నెల మెట్రో ఛార్జీ 10 నుండి 12కును, గరిష్ఠము 60 నుండి 75కును పెంచి, జనము గగ్గోలు పెట్టగా పది శాతము తగ్గించి 11, 69 చేసి, దానికి తగ్గింపని పేరు పెట్టినప్పుడును ఎత్తలేదు. పైగా, కారు విడిచి మెట్రో ఎక్కుమని సలహా! అయ్యా, మియాపూరులో మెట్రో యెక్కి హైటెక్ సిటీకి పోవలెనన్న అమీర్‌పేట దాక పోయి, అచ్చట దిగి, వేరు బండి యెక్కి, వచ్చిన దిక్కునకే మరల రావలెనని మీకు తెలియునా? 2017 నవంబరు 28 నాడు మియాపూరు స్టేషనును ప్రధానమంత్రి స్వయముగ ప్రారంభించినారు. అయినను మా దిక్కులు మారలేదు. చౌకగా పోగోరువాడు హఫీజ్‌పేట ప్లాట్‌ఫారము మీద ఎంఎంటీఎస్ కొరకు కనులు కాయలు కాయునట్లు ఎదురు చూచును, లేదా షేరాటోలో వ్రేలాడును. వానికి కారు లేదు, విడుచుటకు.

ఉగాది నాడు పంచాంగకర్త మన రాశికి ఆదాయము 2, వ్యయము 14 అని నిర్దాక్షిణ్యముగ చదివియు, ఆ లోటు పండ్రెండును నీ టీ వలన వచ్చినవని అనడు. గ్రహములపై నెట్టి మన మర్యాద కాపాడును. కుటుంబముల నికర ఆర్థిక పొదుపు 2022-23లో స్థూల దేశీయోత్పత్తిలో 5.1 శాతమునకు, దాదాపు ఐదు దశాబ్దములలో ఎన్నడును లేనంతగా దిగజారినదని రిజర్వు బ్యాంకు తొలుత లెక్క తేల్చినపుడు, ఈ దేశమున కోట్ల సంసారములు ఒక్కుమ్మడిగ టీలకు ఎగబడినవని అర్థము చేసికొనవలెను కాబోలు.

స్నానమునకు చెంబు చాలునను తమ మరియొక బోధను ఈ గురువులు, బోరు ఎండి ట్యాంకరు కొరకు వేచియుండు వారి యెదుట చేయకుందురు గాక.

వీటన్నిటిలో నా రక్తము మరగించినది ‘నూరు రూపాయలతో రోజంతా’ గడపి చూపు రీళ్ల వినోదము. 2014లో జీహెచ్ఎంసీ మొదలిడిన ఐదు రూపాయల భోజనమునకు, 2025లో ఇందిరమ్మ క్యాంటీను అని పేరు మారినది, ధర మారలేదు. ఆ వరుసలో కూలీలు నిలుతురు, ఆసుపత్రికి రోగిని తెచ్చినవారు నిలుతురు, కోచింగునకు వచ్చిన పిల్లలు నిలుతురు. కెమెరా పట్టుకొని, నెలకు లక్షలార్జించు ఒక పుణ్యాత్ముడును నిలుచును. పళ్లెము పట్టుకొని ముద్ద నోట పెట్టి కనుబొమ లెగురవేసి, ‘బాగానే యున్నదే!’ అని ఆశ్చర్యపడును. బాగానే యుండక ఏమగును? అది అన్నము. ఆ పళ్లెము నీది కాదు. నీ వెనుక నిలిచినవాడు, వడ్డన ముగియులోపల తన వంతు వచ్చునో రాదో యని లెక్కించుకొనుచున్నాడు. వాని ముఖమును వాని యనుమతి లేకుండ నీవు లక్ష మందికి చూపుచున్నావు. వాని ఊరిలో వాని అత్తవారు ఆ వీడియో చూడరని నీకు ఎవరు చెప్పినారు? లేమిని ఒక్క పూట అద్దెకు తీసికొని ఆడుకొనుటను పొదుపు అనరు, సిగ్గులేనితనము అందురు.

పొదుపునకు ఈ నేలపై గొప్ప చరిత్రయే కలదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. 1992 నాటి ఆ అలజడి జిల్లాలెల్ల ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారాయి నిషేధము తెచ్చినది. ఆ ఊపులోనే ఆ జిల్లా స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున దాచుకొని పొదుపులక్ష్మి సంఘములు కట్టిరి. వరుస గమనింపుడు: ముందు దుకాణము మూతపడినది, పిదప రూపాయి మిగిలినది. తమ కూలిడబ్బు ఏ కంతలో పోవుచున్నదో వారికి తెలియును. ఆ కంత ముందు గుంపుగా పోయి నిలిచిరి. మీ తాంబూలము మానుకొనుడని వారికి బోధించుటకు అప్పుడు ఎవరికిని ధైర్యము చాలలేదు. (ఆ సంఘముల వాసన పట్టి మైక్రోఫైనాన్సు కంపెనీలు ఊళ్ల మీద పడి, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చిన దాక పోయిన కథ వేరు, దానికి ఈ కాగితము చాలదు.) నేటి గురువులకు ఆ వరుసలో మొదటి సగము, దుకాణము మూయించుట, అక్కరలేదు. ఇంటి యజమాని, బడి యాజమాన్యము, ఆసుపత్రి బిల్లు, వీటి గుమ్మము ముందుకు మనలను తీసికొనిపోవువాడు వారిలో ఒక్కడును లేడు.

గురజాడ వారి లుబ్ధావధాన్లు నేడు బ్రదికియుండినచో ఫాలోయర్లకు కొదువ యుండెడిది కాదు. పాపము, తన లోభమును తానే అనుభవించెనే గాని దానికి టికెట్టు పెట్టుట ఎరుగడు. ఇప్పటి వారు ఎరుగుదురు. ఈ విద్యకు ఆదివారము ఆన్‌లైను తరగతి కలదట. అసలు వెల 4,999, ఈ రాత్రి పండ్రెండు లోపల చేరిన 499 మాత్రమేనట. కడచిన ఆదివారమునను గడువు ఆ రాత్రి పండ్రెండే యని చదివినట్లు జ్ఞాపకము. నాకు వచ్చినంత గణితము నేను వారి వద్దనే నేర్చుకొంటిని గనుక దీనికిని గుణించితిని. 499 రూపాయలకు ఇరువదినాలుగు టీలు వచ్చి 19 మిగులును. దానికి ఒక రూపాయి నేను చేర్చి ఇరువదియైదవ టీ తెప్పింతును, వన్ బై టూ. రెండవ సగమునకు గురువుగారిని పిలుచుటకు నాకు అభ్యంతరము లేదు, ఆ పది రూపాయలు వారు ఇచ్చుకొను పక్షమున.