గురుభక్తికి చందా

ఏప్రిల్ మాసము మూడు పాళ్లు గడచి, బెజవాడ వీధులలో మిట్టమధ్యాహ్నము కాకియైనను కానరాని యీ దినములలో, బీసెంటు రోడ్డున బహుమతులమ్ము దుకాణములయందు మాత్రము తల్లిదండ్రుల సందడి యింతయని చెప్పనలవి గాదు. బడి కడపటి పనిదినము సమీపించినది. ప్రోగ్రెసు కార్డు ఇంకను టీచరమ్మ చేతియందే యున్నది. ఈ రెండు గ్రహములును ఒక్క రాశియందు కూడుటచేత, ఆంధ్రదేశమున గురుభక్తి పొంగిపొరలు శుభముహూర్తము సంప్రాప్తమైనది.

ముందుగా తల్లుల వాట్సాప్ గ్రూపున ఒక యిల్లాలు "తలా మూడు వందలేసుకుని క్లాస్ టీచర్‌కి పట్టుచీర తీద్దామండీ" అని ప్రతిపాదించును. క్షణములో జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరును. "లెక్క చెబుతారాండీ?" అని యడిగిన తండ్రి యొక్కడు ఆనాటినుండి పిసినిగొట్టుగా ప్రసిద్ధి కెక్కును. ఇట్లు చందా చెల్లించి సమష్టి ధర్మమును నెరవేర్చినవారే, సాయంకాలము ఒకరికి తెలియకుండ నొకరు వన్ టౌనుకు పోయి, వెండి కుంకుమభరిణె యొకటి కొని, మరునాడు పిల్లవాని సంచిలో పుస్తకముల యడుగున దాచి పంపుదురు. ఆ భరిణె లెక్కల టీచరునకే గాని తెలుగు పంతులుగారికి గాదు. ఆయనకు పెన్ను చాలును. డ్రిల్లు మాస్టరునకు నమస్కారము చాలును. ఏడాది పొడుగునను పిల్లవాని ముక్కు తుడిచి, అన్నపు డబ్బా మూత తీసి పెట్టిన ఆయమ్మకు ఆ నమస్కారమును లేదు. ఏలన, ఆమె చేతిలో మార్కులు లేవు.

ఇచ్చినవారి యానందము నెరుగుదుము గాని, పుచ్చుకొన్నవారి యవస్థ నెవ్వరెరుగుదురు? కొండపల్లి యంబారీ యేనుగులు నాలుగైదు గూటిలో బారులు తీరగా, ఆ టీచరమ్మ వానిలో నొకదానిని పటమటలోని గృహప్రవేశమునకును, వేరొకదానిని సత్యనారాయణపురములోని పుట్టినరోజు పండుగకును సాగనంపుచుండును. వచ్చిన రంగుకాగితమే పోవు రంగుకాగితము.

గురుదక్షిణ మనకు క్రొత్తది గాదు. నన్నయభట్టారకుని భారతమున ఉదంకుడు చదువు ముగించి దక్షిణ మాట యెత్తగా, గురుపత్ని పౌష్యమహారాజు దేవి కుండలములను కోరినది. వానిని తక్షకుడపహరింపగా ఆ శిష్యుడు నాగలోకమునకే పోవలసివచ్చెను. శనివారము సాయంకాలము బీసెంటు రోడ్డున బండి నిలుపుటకు చోటు వెదకువారి కష్టము అంతకు తక్కువది గాదని యొప్పుకొందుము. భేదమల్లా, ఆనాడు శిష్యుడే పోయెను. ఈనాడు శిష్యుడింట చల్లని గదిలో ఫోను చూచుచుండగా తలిదండ్రులు నాగలోకయాత్ర చేయుచున్నారు.

పిదప వీధిబడి పంతుళ్ల కాలము వచ్చెను. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లచేత బడుల లెక్కలు తీయించి, ఒక్కొక్క పిల్లవానికై పంతులకు నెలకు నాలుగణాలు మొదలు ఎనిమిదణాల వరకు జీతము ముట్టుచున్నదనియు, పంతులు సంపాదన సాధారణముగా నెలకు ఆరేడు రూపాయలకు మించదనియు, ఇంత స్వల్పమునకు యోగ్యులు రారనియు 1826లో వ్రాసియుంచెను. అందుచేతనే దసరా వచ్చినదనగా మన యయ్యవారు పిల్లలకు విల్లంబులును గిలకలును చేతికిచ్చి, ఇల్లిల్లు త్రిప్పి పద్యములు పాడించెడివారు. అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లములు. కరణముగారిచ్చినది మునసబుగారును చూచెడివారు. అందులో సంచి యడుగున దాచిన భరిణె లేదు. పంతులు పేదవాడని యూరెల్ల నెరుగును. ఊరెల్ల నెరుగునట్లే యిచ్చెడిది.

ఇప్పుడో, ప్రైవేటు బడులవారు వేలు లక్షలు ఫీజు కట్టించుకొనుచునే యున్నారు. ఆ ధనమును ముందు బెంజి సర్కిలు కడ ర్యాంకుల బొమ్మలు తగిలించిన హోర్డింగు త్రాగును. పిమ్మట నాలుగంతస్తుల భవనపు లిఫ్టు త్రాగును. అడుగంటిన తడి టీచరమ్మ జీతమగును. సర్కారు బడి పంతులు కానుకలు పుచ్చుకొనకుండ 1964 నాటి ప్రవర్తనా నియమావళి కనిపెట్టుచున్నది. ప్రైవేటు టీచరమ్మకు ఆ కాపలాయు లేదు, ఆయన స్కేలును లేదు. కావున మనమొక్క చదువునకే రెండు మారులు చెల్లించుచున్నాము: యాజమాన్యమునకు రొక్కముగాను, టీచరమ్మకు చీరగాను. ఆ చీరతో నామె అంగడివాని బాకీ తీర్చజాలదన్న సంగతి మాత్రమెవ్వరికిని తట్టదు.

ఇందుకొక యుపాయము మనవి చేసెదను. రాబోవు దసరాకు ఆ గిలకల యూరేగింపును మరల బయలుదేరదీయుదము; అయితే ఈసారి తల్లిదండ్రుల గడపలకు గాక, పిల్లలను టీచరమ్మలను వెంటబెట్టుకొని కరెస్పాండెంటుగారి మేడకే పోవుదము. పిల్లలకు పప్పుబెల్లములడుగుదము, టీచరమ్మకు జీతమడుగుదము. గేటు తెరవనిచో చింత లేదు. పోగుచేసిన చందా యంతయు వాచ్‌మన్ చేతిలో పెట్టుదము. అధికారమెవని చేతనున్నదో కానుక వానికే చెల్లవలెనన్న శాస్త్రము మనకు కంఠస్థమే గదా!