ఒడ్డమ్మట ఎవడైనా నడుస్తున్నాడంటే…

మన రాష్ట్రానికి ఈమధ్య కూర్చున్న చోటే తీరం పెరిగింది. బడిలో 974 కిలోమీటర్లని బెత్తం పట్టుకుని మరీ బట్టీ కొట్టించారు. కేంద్రం మళ్లీ లెక్కలు తీయించి 1053 అంది. సముద్రమేమీ జరగలేదు. పాత లెక్క చిన్న మ్యాపుల మీద తీసింది, కొత్తది ప్రతి వంపూ ప్రతి మొగా కనపడే మ్యాపుల మీద తీసింది, అంతే. ఒక్క మనిషి ఒక్క అడుగు వెయ్యకుండా 79 కిలోమీటర్లు కలిసొచ్చాయి. అభివృద్ధంటే ఇలా ఉండాలి.

ఈ తీరంలో పెద్ద వాటా మా శ్రీకాకుళానిది. పాత లెక్కలోనే 193 కిలోమీటర్లు. దాని పక్కనే పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో విజయనగరం వాళ్లకి ఓ చిన్న ముక్క. "ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు నుంచి భోగాపురం దగ్గర ముక్కాం దాకా ఒడ్డమ్మటే నడుచుకుపోదాం బావా" అన్నాడు మా బావమరిది. రిటైరైన మేష్టారు. పెన్షనుతో పాటు ఆలోచనలు కూడా ఒకటో తారీకునే వస్తాయి.

ఇంగ్లండు వాళ్ల సంగతి ఎక్కడో చదివాడట. వాళ్లు 2009లో చట్టం చేసి, దేశం తీరమంతటికీ 2,700 మైళ్ల కాలిబాట మొదలెట్టారు. దానికి ఇప్పుడు మూడో చార్లెస్ రాజుగారి పేరు. ఏళ్ల తరబడి పని సాగినా, అయినంత మేర జనం నడుస్తూనే వచ్చారు. పక్కనున్న వేల్స్ వాళ్లయితే 870 మైళ్ల దారి 2012లోనే తెరిచేశారు. మా మేష్టారికి మరీ నచ్చింది ఇంకొకటి: గట్టు విరిగి సముద్రంలో పడితే దారి కూడా ఆ మేరకు వెనక్కి జరిగేలా ఏర్పాటుందట. మన దగ్గర గట్టు విరిగితే వెనక్కి జరిగేది ఊరు.

అలాగని మనకి తీర మార్గం లేదనుకుంటే పొరపాటు. అదీ అభివృద్ధిలోనే ఉంది. విశాఖ నుంచి భీమిలి, భోగాపురం, అక్కణ్నించి మూలపేట పోర్టు వైపు అని పేపర్లో గీతలు పొడుగవుతూనే ఉన్నాయి. కాకపోతే అది కార్ల కోసం. ఆరు వరుసలంటున్నారు. ఆ ఆరింట్లో నెత్తళ్ల గంప నెత్తిన పెట్టుకున్న మనిషిది ఎన్నో వరుసో ఇంకా ఎవరూ చెప్పలేదు.

నిజానికి నడకంటే మన నాయకులకున్న గౌరవం ఏ రాజుగారికీ ఉండదు. 2003లో వైఎస్ చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. 2013లో షర్మిల అక్కడికే వచ్చి ఆగారు. 2019 జనవరిలో జగన్ 3,648 కిలోమీటర్లు నడిచి అక్కడే ముగించారు. ఒకే ఇంటి నుంచి ముగ్గురు, ఒకే ఊళ్లో మూడు స్తూపాలు. లోకేశ్ కూడా కుప్పంలో బయల్దేరినప్పుడు ఇచ్ఛాపురమే అన్నారు గానీ, 2023 డిసెంబరులో విశాఖ పక్కన అగనంపూడిలోనే పైలాను కట్టించేశారు. మొత్తానికి మా జిల్లాలో నడక మొదలవ్వదు, ముగుస్తుంది. ముగిశాక అందరూ బండెక్కి వెళ్లిపోతారు. వీళ్లలో ఒక్కరూ ఇసక దారిన రాలేదు. ఇసకలో జెండా పాతొచ్చు గానీ మైకు బండి చక్రం దిగబడిపోతుంది కదా.

సరే, మా ఇద్దరికీ మైకు లేదు కాబట్టి దిగాం. దారంతా కాదు, చేతనైనంత. తడి ఇసక మీద నడక హాయి. పోటు వచ్చి పొడి ఇసకలోకి తరిమిందంటే పిక్కలు పీకేస్తాయి. సరుగుడు తోటల్లోకి తప్పుకుందామా అంటే ఎండిన కాయలు చెప్పులోకి దూరి కీలుకో ముల్లు. ఇదంతా భరించొచ్చు. మొగలతోనే చిక్కు. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి వైపు నాగావళి, కోనాడ దగ్గర చంపావతి, మధ్యలో ఉప్పుటేళ్లు, పేరున్నవీ లేనివీ గెడ్డలు. వంశధార అవతలి ఒడ్డు కళ్లెదురుగా ఉంటుంది. రోడ్డు మీద దాటాలంటే మడపాం వంతెన దాకా పోయి టోల్‌గేటుకి నమస్కారం పెట్టి రావాలి.

కళింగపట్నం లైట్‌హౌసు కనబడే చోట ఓ పెద్దాయన పడవ పక్కన వల బాగుచేసుకుంటున్నాడు.

"అవతలికి దించుతావా?" అన్నాడు మేష్టారు.

"ఏ పని మీద బావూ?"

"పనేం లేదు. నడుస్తున్నాం."

"నడిసేవోలికి పడవెందుకు?"

ఈ ప్రశ్నకి ఇంగ్లండు చట్టంలో కూడా జవాబుండదనుకుంటాను. ఆయన మా కాళ్ల వంక, ఫ్యాంట్ల వంక, మేష్టారి చేతిలో నోటు పుస్తకం వంక చూశాడు. "సర్వేకొచ్చినారేటి?" అన్నాడు. కాదంటే నమ్మలేదు. "ఫ్యాంటేసుకున్నోడు ఒడ్డమ్మట నడిసినాడంటే ఎనకాలే నోటీసొస్తాది బావూ. పని లేకండా ఎవుడు నడుత్తాడు?"

తప్పు పట్టడానికేముంది? ఈ ఒడ్డున నడిచిన ప్రతివాడూ ఏదో ఒకటి కొలవడానికే వచ్చాడు. కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామని కొలిచారు. చిత్తడి నేలలైన సోంపేట బీలలోనూ కాకరాపల్లి తంపరలోనూ థర్మల్ కేంద్రాలకని కొలిచారు. వద్దన్న జనం మీద 2010లో అక్కడ, 2011లో ఇక్కడ తుపాకులు పేలాయి. మూలపేటలో పోర్టుకి, భోగాపురంలో విమానాశ్రయానికి కొలిచారు. కొలత లేకుండా ఒడ్డెక్కేవి చలికాలం చివర గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లొక్కటే. వాటికి ఫ్యాంట్లుండవు.

పడవ దింపుతూ పెద్దాయన తన కొడుకు సంగతి చెప్పాడు. గుజరాత్‌లో వీరావల్ బోటు మీద పనట. ఇక్కడ పెద్ద బోటు కట్టుకోవడానికి హార్బరేదీ అన్నాడు. నిజంగా మా జిల్లాకి దూరాభారపు తీర మార్గం ఒకటుందంటే అదే: రైల్లో వీరావల్, అక్కడ బోటు, ఖర్మ కాలితే కరాచీ. 2018 నవంబరులో మన రెండు జిల్లాల మత్స్యకారులు ఆ దారినే పాకిస్తాన్ జైలు చూశారు. 2020 జనవరిలో వాఘా దగ్గర సరిహద్దు దాటి వెనక్కొచ్చారు. వాళ్ల మీద సినిమా తీశారు. స్తూపం మాత్రం ఎవరూ కట్టలేదు.

తిరిగొచ్చాక మేష్టారు అర్జీ రాసి ఒక ఆఫీసుకి పట్టుకెళ్లాడు. అడిగింది కొంచెమే: మొగ దగ్గరల్లా ఒక పడవవాడికి జీతం, అక్కడక్కడా ఒక కుళాయి, దారి పోయే చోట ఒక రాయి. గుమస్తా శ్రద్ధగా చదివి, "శంకుస్థాపన ఎక్కడండీ?" అన్నాడు. అలాంటిదేం అక్కర్లేదు, దారి ఎప్పట్నించో ఉంది, మా తాతలు నడిచిందే అన్నాడు మేష్టారు. "ఆల్రెడీ ఉన్నదాన్ని అభివృద్ధి కింద రాయడానికి పద్దు లేదు సార్" అని కాగితం వెనక్కిచ్చేశాడు.

మేష్టారు నిరుత్సాహపడలేదు. భోగాపురం చరిత్ర తిరగేశాడు. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు ఒకసారి, 2023 మేలో జగన్ ఒకసారి శంకుస్థాపన చేశారు. అంచేత ఇప్పుడు అర్జీ మార్చి రాస్తున్నాడు: ఈ ప్రభుత్వంలో ముక్కాం వైపు ఒక శంకుస్థాపన, వచ్చే ప్రభుత్వంలో డొంకూరు వైపు ఇంకొకటి, రెండు చివర్లా హెలిప్యాడ్లు. పడవవాడి జీతం "ఇతర ఖర్చులు" కింద పెట్టాడు. అక్కడైతే ఎవరూ చదవరని ఆయన నమ్మకం.