వాడిన జెట్‌స్కీ ప్రకటన: టీకా తాత్పర్య సహితం

మూలం

"అమ్మబడును. యమహా వేవ్‌రన్నర్, 2018 మోడల్, వెరీ క్లీన్. 140 గంటలు మాత్రమే. ఒకే యజమాని. సర్వీసు అంతా ఏజెన్సీలోనే. ట్రైలర్ ఫ్రీ. కవరు ఉంది. అమ్మడానికి కారణం తీరిక లేకపోవడం. 1,750 దినార్లు, కొద్దిగా తగ్గుతుంది. సీరియస్ పార్టీలే వాట్సాప్ చేయగలరు. మహబూలా."

అవతారిక

పై మూలం సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. తెలుగు చేసింది ఈ వ్యాఖ్యాత. ప్రతి వాక్యం చివరా మంట బొమ్మలూ కెరటం బొమ్మలూ ఉన్నాయి. అవి లేఖకుడి వేలి చలవే గాని కవి హృదయం కాదని తోచి పరిహరించాం.

కర్తృత్వం దగ్గరే మొదటి చిక్కు. కావ్యానికి కృతికర్త ఒకరు, కృతిభర్త ఒకరు. ఇక్కడా అంతే. వాహనం ఒక కువైటీ బాబాది (ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానిని బాబా అంటారు, ఆయన భార్యను మామా అంటారు). తోలింది ఆయన కొడుకు. ఫోటోలు తీసి, యాప్‌లో ఎక్కించి, వచ్చే ఫోన్లన్నీ ఎత్తుతున్నది ఆ ఇంట్లో డ్రైవరుగా ఉన్న మా రాజంపేట అన్న. బాబా పేరు ఎక్కడా కనపడదు. అన్న నంబరు లేని చోటు లేదు. "అమ్మిపెట్టు, నీ సంగతి చూస్తాలే" అన్నాడట కృతిభర్త. పూర్వం కనకాభిషేకాలు కూడా ఈ మాటతోనే మొదలయ్యేవేమో.

మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చెప్పాడు. అమ్మకపు ప్రకటన దగ్గర ఆ ప్రతిన చెల్లదు. ఇందులో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. వ్యాఖ్యాత అధ్యాహారంతోనే బతకాలి. పైగా మాకు వేరే పరంపర ఉంది. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పోషించాడు. మనుచరిత్రకూ వసుచరిత్రకూ జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్యానాలు రాయించింది ఆ దొరే. ఇప్పుడు ఆ కడప నుంచీ, రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు నుంచీ జనం కువైట్‌కు వచ్చి అరబ్బుల ఇళ్ళలో డ్రైవర్లయ్యారు, వంటవాళ్ళయ్యారు. టీక చెప్పే గుణం మాత్రం పోలేదు. రాత్రి పది దాటాక మహబూలాలో ఒక గదిలో చేరి మావాళ్ళు ఒక్క ప్రకటనను పదం పదం విప్పే తీరు చూస్తే, బ్రౌన్ అక్కడికక్కడే జీతం కట్టి పెట్టుకునేవాడు.

అన్వయం

రాసినవాడి క్రమం వేరు, చదివేవాడి క్రమం వేరు. కొనేవాడు ముందు ఫోటో చూస్తాడు, తర్వాత ధర, ఆ తర్వాత ఊరు. తక్కినది చదవడు. చదవకుండానే "లాస్ట్ ఎంత?" అని పంపుతాడు. కనుక దండాన్వయం ఇలా: ఫోటో, 1,750, మహబూలా, లాస్ట్ ఎంత.

ప్రతిపదార్థం

యమహా వేవ్‌రన్నర్ = నీటిమీద కూర్చుని తోలే మోటారు బండి. లోకం దీన్ని జెట్‌స్కీ అంటుంది గాని ఆ పేరు కవాసాకీ కంపెనీ సొత్తు. 1970ల మొదట్లో వాళ్ళు తెచ్చినవి నిలబడి తోలేవి. కూర్చుని తోలే యమహావి 1986 నుంచి వేవ్‌రన్నర్లు. కెనడా వాళ్ళవి సీ-డూలు. బాబా మూడింటినీ "జెట్" అంటాడు. అన్న "సముద్రం స్కూటరు" అంటాడు. ఎవరూ ఎవరినీ దిద్దరు.

2018 మోడల్ = స్పష్టం.

వెరీ క్లీన్ = ఫోటోకు ముందు బకెట్ నీళ్ళు పోశారని భావం. నిజంగా బాగానే మెరుస్తుంది. అయితే సీటు కుట్ల వెంట వేలు పెట్టి నడిపితే దారం పొడిపొడిగా రాలుతుంది. ఇది సూర్యుడి పని. ఇదే దేశంలో మిత్రిబా దగ్గర 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో కవరు కప్పని నల్ల సీటు ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆ సీటు ఎత్తితే ఇంజన్ గది. బోల్టుల తలల చుట్టూ తెల్లటి పొర, బ్యాటరీ కొసల మీద పచ్చటి పొడి. "క్లీన్" అనే విశేషణం సీటు పైకే అన్వయిస్తుంది, కిందికి దిగదు.

140 గంటలు మాత్రమే = ఈ ప్రకటనకు ఆయువుపట్టు ఇదే, కాబట్టి కాసేపు ఆగాలి.

కారుకు కిలోమీటర్లు, జెట్‌స్కీకి గంటలు. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో హ్యాండిల్ దగ్గరి చిన్న తెర చూపిస్తుంది. "మాత్రమే" అన్నది అవధారణార్థకం. తక్కువ తిరిగింది గనుక మంచిది అని పూర్వపక్షం. ఇది హారిస్ మతం. (హారిస్ అంటే భవనం కాపలాదారు. మా భవనానికి ఈజిప్టు వాడు. నీళ్ళ ట్యాంకు మొదలు రాజకీయం దాకా ఆయనకు రాని శాస్త్రం లేదు.) దీనికి ఇంకొకరు ఉపపత్తి కూడా చూపారు: 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల మహబూలాను దిగ్బంధం చేశారు గదా, దేశమంతా కర్ఫ్యూ గదా, ఆ ఏడాది సముద్రం ముఖం ఎవరు చూశారు, కనుక గంటలు తక్కువే ఉండాలి అని. యుక్తి బాగుంది. అయినా సిద్ధాంతం వేరు.

సిద్ధాంతి షువైఖ్‌లోని ఒక గరాజులో పనిచేసే మలయాళీ మెకానిక్. ఆయన మాట ఇది: తిరిగిన గంటను మీటరు లెక్కపెడుతుంది, కడగని నెలను లెక్కపెట్టదు. వేవ్‌రన్నర్ ఇంజన్ చల్లబడేది తాను తేలుతున్న నీటితోనే. ఆ నీటినే లోపలికి లాగి, ఇంజన్ చుట్టూ తిప్పి, బయటికి వదులుతుంది. మహాసముద్రాల్లో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటే ఈ గల్ఫ్ నీళ్ళలో సుమారు 40. అందువల్ల ఒడ్డుకు చేరగానే గొట్టం తగిలించి మంచినీళ్ళు పట్టాలి. దానికీ ఒక విధి ఉంది. ముందు ఇంజన్, తర్వాత కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజన్. తిరగేస్తే నీళ్ళు వెనక్కి తన్ని ఇంజన్ లోపలికే చేరతాయి. ఇంతకీ కువైట్‌లో కుళాయి నీళ్ళంటే సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసినవే. సముద్రపు మురికిని సముద్రంతోనే కడుక్కునే దేశం ఇది.

మరి ఈ బండికి ఆ విధి జరిగిందా? ఇక్కడ మూలం మౌనం. వ్యాఖ్యాత అన్ననే అడిగాడు.

"నేను పొయ్యినప్పుడల్లా కడిగినా. ఆ పిల్లోడు ఒక్కడే బెనైదర్‌కు ఎత్తకపొయ్యినప్పుడు ఏం జేసినాడో నాకేం తెల్సు?"

బెనైదర్ దక్షిణాన కువైటీల షాలేలు (విడిది ఇళ్ళు) ఉండే తీరం. శుక్రవారాలు పిల్లలు అక్కడ తోలి, మచ్బూస్ (మాంసం అన్నం) తినడానికి లోపలికి పోతే, జెట్‌స్కీ ఉప్పుతో అలాగే ఎండుతుంది. అన్న చెప్పిన ఆ ఒక్క ముక్కకు ఉన్న విలువ ఏ సర్వీసు పుస్తకానికీ లేదు. కానీ ప్రకటనలో దానికి చోటు దొరకలేదు.

ఒకటి మాత్రం కొనేవాళ్ళు గుర్తుంచుకోవచ్చు. ఇంజన్ కంప్యూటరుకు తన జ్ఞాపకం తనకుంది. ఏజెన్సీ వాళ్ళు ల్యాప్‌టాప్ తగిలిస్తే ఎన్ని గంటలు తిరిగిందో, అందులో ఎన్ని గంటలు గొంతు చించుకుని తిరిగిందో విడివిడిగా చెబుతుంది. ఆ పరీక్ష అడగండి. అడిగి, తెరను కాదు, అమ్మేవాడి ముఖాన్ని చూడండి. అలాగే లోతులేని నీళ్ళలో ఇసుక పీల్చిన పంపు లోపల రెక్కల అంచులు అరుగుతాయి. కింద నేలమీద పడుకుని టార్చి వేసి చూడాలి. తెల్ల దిష్‌దాషా (పొడుగు అంగీ) వేసుకుని వచ్చినవాడు ఎలాగూ పడుకోడు. ఆ ధైర్యంతోనే సగం బండ్లు అమ్ముడవుతాయి.

ఒకే యజమాని = శ్లేష. కాగితం మీద ఒకడే. కూర్చున్నవాళ్ళలో కొడుకు, కొడుకు స్నేహితులు, మేనమామ కొడుకులు, వాళ్ళ స్నేహితులు. యజమాని అయిన బాబా మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆయనకు ఈత రాదని అన్న అనుమానం.

సర్వీసు అంతా ఏజెన్సీలోనే = మొదటి 10 గంటలకు చేయించే సర్వీసు ఏజెన్సీలో జరిగింది, రసీదు ఉంది. "అంతా" అన్నది ఆ ఒక్కదానికే గౌరవార్థంలో బహువచనం.

ట్రైలర్ ఫ్రీ = విడిగా అమ్మితే ఎవరూ కొనరని. నీళ్ళలోకి దింపిన ప్రతిసారీ చక్రాల ఇరుసు దాకా ఉప్పునీళ్ళలో మునిగిన ట్రైలర్ ఇది. తోస్తే కదులుతుంది గాని, ఏడుస్తూ కదులుతుంది.

కవరు ఉంది = ఉంది. కప్పలేదు.

అమ్మడానికి కారణం తీరిక లేకపోవడం = ఇది కవిసమయం. అరబ్బీ ప్రకటనల్లో కారు అమ్మినా, పడవ అమ్మినా, డేగను అమ్మినా ఇదే కారణం రాస్తారు. చకోరం వెన్నెల తాగుతుందంటే సాక్ష్యం ఏదని ఎవరూ అడగరు, ఇదీ అంతే. అసలు కారణం, కొడుకు పైచదువుకు విదేశం పోయాడు, బండి షాలేలో చోటు ఆక్రమిస్తోందని మామా గొణుగుతోంది. అయినా ఆ మాట పూర్తిగా అబద్ధమని కొట్టేయడానికి వీల్లేదు. తెల్లవారి ఐదున్నరకు లేచి పిల్లలను బడికి దించి, మామాను జమియాకు (సహకార దుకాణానికి) తీసుకెళ్ళి సరుకులు మోసి, మధ్యాహ్నం మళ్ళీ బడి, సాయంత్రం దర్జీ, రాత్రి బాబాను దివానియాకు (మగవాళ్ళ కబుర్ల చావడికి) దించి ఆయన కబుర్లు అయ్యేదాకా కారులో కూర్చునేవాడు ఒకడు ఆ ఇంట్లో ఉన్నాడు. తీరిక లేదని టైపు చేసింది ఆ చెయ్యే. లక్ష్యార్థం బాబాకు, వాచ్యార్థం అన్నకు. దీన్ని ఏ అలంకారమనాలో పెద్దలు చెప్పాలి.

1,750 దినార్లు = మన లెక్కలో ఐదు లక్షలకు కాస్త అటూ ఇటూ. అన్నకు ఏడాది జీతం కంటే ఎక్కువ. పాఠాంతరాలు: మొదటి ప్రతిలో 2,100, ఫోర్‌సేల్ యాప్ ప్రతిలో 1,850, ఓపెన్‌సూక్ యాప్ ప్రతిలో 1,750, వాట్సాప్ ప్రతిలో "నువ్వు చెప్పు". చివరిదే ప్రాచీన పాఠమని వ్యాఖ్యాత అభిప్రాయం. ఎండలు ముదిరి షాలేలు నిండబోయే ముందు గిరాకీ ఉంటుంది. చలికాలం వస్తే ఎవడూ తలెత్తి చూడడు. బాబా మొదటి ధర మీద పట్టుపట్టి ఆ కాలం కాస్తా దాటబెట్టాడు.

కొద్దిగా తగ్గుతుంది = ఈ మాట రాయకూడదు. రాసినవాడి "కొద్దిగా" వంద దినార్లు, చదివినవాడి "కొద్దిగా" సగం.

సీరియస్ పార్టీలే = వీరరసం. అయితే వచ్చినవి హాస్యరసానికి చేరతాయి. "మౌజూద్?" (ఉందా?) అని ఒకడు. ఉందంటే మళ్ళీ పలకడు. 900 అని ఒకడు. ఫోను, దానిపైన 600 దినార్లు, బదల్ (మార్పిడి) చేద్దామని ఒకడు. "ఎర్ర రంగు ఉందా?" అని ఒకడు, ఫోటోలో ఉన్నది నీలం. ఇంకొకడు రేటు అడగకుండానే ఒప్పుకుని, డబ్బు పంపుతున్నా, లింకు నొక్కి ఫోన్‌కు వచ్చే నంబరు చెప్పు అన్నాడు. రేటు అడగనివాడు కొనేవాడు కాడని అన్నకు తెలుసు. "దుడ్లు బాబా చేతిలో పడనీ, కాగితాలు నీ పేరు మింద మారనీ, లింకులు తరవాత నొక్కుదాం" అని జవాబిచ్చాడు. ఆ నంబరు మళ్ళీ మోగలేదు.

మహబూలా = అహ్మదీ గవర్నరేటులో సముద్రాన్ని ఆనుకున్న పేట. ఫింతాస్, అబూ హలీఫా దీని ఇరుగుపొరుగు. అపార్టుమెంట్ల మీద అపార్టుమెంట్లు; ఒక గదిలో నలుగురైదుగురు. బాబా ఇల్లు ఇక్కడ కాదు. జెట్‌స్కీ మాత్రం మా భవనం పక్క ఇసుక స్థలంలో ట్రైలర్ మీద ఉంది. చూపించమన్నప్పుడల్లా షాలేకు పరుగెత్తలేక అన్న తన గది కిటికీ కిందికి తెచ్చి పెట్టుకున్నాడు. కనుక ఈ పదం అమ్మేవాడి చిరునామా కాదు, చూపించేవాడిది. సముద్రం రోడ్డు దాటితే వస్తుంది. ఈ భవనంలో దాన్ని చూసేది మిద్దెమీద బట్టలు ఆరేసేటప్పుడే.

తాత్పర్యం

కొడుకు విదేశం పోయాడు. బండి మంచిదే, కడిగారో లేదో తెలియదు. ట్రైలర్ లాగితే ఊడవచ్చు. నాలుగు డబ్బులిచ్చి తీసుకుపోండి, డ్రైవరును రాత్రిళ్ళు నిద్రపోనివ్వండి.

ఉత్తర ప్రతి

చివరికి 1,420కి తెగింది. కొన్నాయన పడుకుని టార్చి వేయలేదు. కాగితాలు మారాయి, కృతిభర్త 20 దినార్లు కృతికర్త చేతిలో పెట్టాడు. కొన్ని వారాలకు అదే యాప్‌లో ఒక ప్రకటన కనపడింది. అవే ఫోటోలు, వెనక మా భవనం గోడ సహా. వెరీ క్లీన్. ఒకే యజమాని. తీరిక లేక. గంటలు 98 మాత్రమే. ధర 1,900. ఈ 98 లేఖక ప్రమాదమా, బుద్ధిపూర్వక పాఠమా అని గదిలో పెద్ద చర్చ నడిచింది. అన్న చర్చలోకి దిగలేదు. కొత్త నంబరుకు "లాస్ట్ ఎంత?" అని మెసేజ్ కొట్టాడు.

"సీరియస్ పార్టీలే" అని జవాబొచ్చింది.