వర్తూరు కోడి దగ్గర నాలుగు సెకన్లు

మళ్లీ గడువు వచ్చింది. ఈసారి నాలుగు నుంచి ఆరు నెలలట. 2025 అక్టోబరులో, ఉన్నత విద్య గురించి పెట్టుకున్న సదస్సులో, విద్యుత్ కారు ధర పెట్రోలు కారు ధరతో సమానమైపోతుందని కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు సెలవిచ్చారు. ఇదే మాటకు 2021 నవంబరులో గడువు రెండేళ్లు. 2022 జూన్‌లో ఏడాది. ఇన్నిసార్లు ముహూర్తం మారిస్తే పెళ్లివారు ఎప్పుడో విస్తళ్లు ఎత్తేసి ఇళ్లకు పోయేవారు. కార్ల కంపెనీలు మాత్రం ప్రతిసారీ చప్పట్లు కొట్టి కూర్చుంటున్నాయి.

ధర ఒకచోట తగ్గిన మాట వాస్తవమే. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబరులో 9.99 లక్షలకే వచ్చింది. బ్యాటరీ తప్ప. దానికి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె వేరే. ఇంజను అద్దెకిచ్చి అమ్మితే పెట్రోలు కారు కూడా చవకే కదా అని అడిగినవాడు లేడు.

బెంగళూరు శివారు వర్తూరులో ఆ ప్రశ్నకు తీరిక లేదు. గుంటూరు, కడప, ఖమ్మం నుంచి వచ్చి, ఇరవయ్యేళ్ల ఈఎంఐ మీద గుంజూరు, బళగెరె వైపు ఫ్లాట్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఇక్కడ వేలల్లో ఉన్నారు. శనివారం సాయంత్రం వాళ్లు నలుగురు పార్కింగులో చేరితే విద్యుత్ కారు భవిష్యత్తు మీద చర్చ మొదలవుతుంది. రెండు నిమిషాల్లో ఆ చర్చ ఒకే ప్రశ్న దగ్గరికి చేరుతుంది. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు?

మహీంద్రా బీఈ 6 అయితే 6.7 సెకన్లు. టెస్లా మోడల్ వై 5.9. తేడా 0.8 సెకను. ఈ 0.8 మీద గొంతులు చించుకుంటారు. ఒకాయన ఫోనులో వీడియో తీసి చూపిస్తాడు, ఎక్కడో జర్మనీలో ఖాళీ రన్‌వే. ఇంకొకాయన 'అది పాత మోడల్ అండీ' అంటాడు. మర్నాడు ఇద్దరూ పణత్తూరు రైల్వే అండర్‌పాస్ దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడతారు, చెరో నీళ్ల ట్యాంకరు వెనక.

సున్నాకు వర్తూరులో కొదవలేదు. వందే దొరకదు. టామ్‌టామ్ వాళ్ల 2024 లెక్కలో బెంగళూరులో పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. అంటే గంటకు పద్దెనిమిది కిలోమీటర్లయినా లేదు. అదీ నగరం మొత్తం సగటు. వర్తూరు కోడి కూడలి దగ్గర ఉదయం తొమ్మిదింటికి కొలిస్తే ఆ అంకె చూసి నగరమే సిగ్గుపడుతుంది.

ఇంకో లెక్క కూడా చెప్పుకోవాలి. నాలుగు సెకన్లలో వంద అందుకోవాలంటే ముందర దాదాపు 55 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి. అందుకున్నాక ఆగాలి కదా, దానికి మరో నలభై. మొత్తం 95 మీటర్లు. గుంత లేకుండా, ఆవు లేకుండా, ఎదురు దిశలో వచ్చే డెలివరీ కుర్రాడు లేకుండా వర్తూరు మెయిన్ రోడ్డు మీద 95 మీటర్లు ఎక్కడున్నాయో చూపిస్తే కారు కొనేవాడి చెయ్యి పట్టుకుని షోరూముకు తీసుకెళ్లవచ్చు.

నాలుగు సెకన్ల అంకె గాలిలోంచి ఊడిపడలేదు. అది ఈ ఊరి కంపెనీ మాటే. 2022 ఆగస్టు 15న ఓలా ఎలక్ట్రిక్ తన కారును ప్రకటించింది. నాలుగు సెకన్లలో వంద, ఒక ఛార్జికి 500 కిలోమీటర్లకు పైగా, కప్పు అంతా అద్దం, తలుపులకు పిడులు ఉండవు. 2024లో వస్తుందన్నారు. 2024లో వచ్చింది ఐపీఓ. స్కూటర్ల మీద దృష్టి పెట్టాలని కారును పక్కన పెట్టారు. ఆ స్కూటర్ల సంగతి కొన్నవాళ్లను అడగాలి. ఏడాది కాలంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు పదివేలకు పైగా ఫిర్యాదులు అందాయని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. తలుపుకు పిడి లేని కారు మీద ఊరంతా చర్చించుకుంటుండగా సర్వీసు సెంటర్ల ముందు స్కూటర్లు బారులు తీరాయి.

అసలు తమాషా ఏమిటంటే, వర్తూరుకు సరిపడే కారు ఈ ఊళ్లోనే పాతికేళ్ల కిందట తయారైంది. రేవా. చేతన్ మైనీ కంపెనీ 2001లో అమ్మకానికి పెట్టింది. లండన్‌లో జీ-విజ్ పేరుతో తిరిగింది. ఛార్జికి ఎనభై కిలోమీటర్లు, వేగం గంటకు ఎనభై లోపే. ఇద్దరు పెద్దలు, ఇరుక్కుంటే ఇద్దరు పిల్లలు. దాన్ని చూసి ఎవరు నవ్వలేదు? ఆ నవ్విన వేగం ఇవాళ ఇక్కడి సగటుకు నాలుగింతలు. 2010లో మహీంద్రా కొనుక్కుంది, 2013లో ఈ2ఓ అని దించింది, తర్వాత ఆపేసింది. ఇప్పుడు అదే కంపెనీ 79 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో, కాగితం మీద 682 కిలోమీటర్లు పోయే బండిని అమ్ముతోంది. బళగెరె నుంచి ఐటీపీఎల్‌కు 682 కిలోమీటర్ల బ్యాటరీ ఎందుకో కొన్నవారికే ఎరుక.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు విద్యుత్ కారు మోటారు కూడా ఆగుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు బ్యాటరీకి తిరిగొస్తుంది. ఆగుతూ కదులుతూ సాగే ఊరికి ఇంతకన్నా మేలైన యంత్రం లేదు. ఈ ఒక్క నిజమైన గుణాన్ని ఏ ప్రకటనలోనూ చెప్పరు, ఎందుకంటే అలా చెబితే మీరు రోజూ ఇరుక్కుంటారని ఒప్పుకున్నట్టే.

ఇక నవ్వు చాలు. వర్తూరు ఉద్యోగి రోజుకు రానుపోను పాతిక కిలోమీటర్లు తిరుగుతాడనుకుంటే ఖర్చయ్యేది నాలుగు యూనిట్లు. గీజరుకు వాడే 15 ఆంప్స్ ప్లగ్ పాయింటు చాలు, రాత్రి గంటన్నర పెడితే నిండుతుంది. కర్ణాటకకు 2017 నుంచీ విద్యుత్ వాహనాల విధానం ఉంది, దేశంలో అదే మొదటిది. రాష్ట్రంలో ఐదు వేలకు పైగా పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లున్నాయి, వాటిలో అత్యధికం బెంగళూరులోనే. కొత్త భవనాల పార్కింగులో ఇరవై శాతానికి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లోనే నమూనా నిబంధనలు సవరించింది. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవడానికి అనుమతి ఉందని విద్యుత్ శాఖ అంతకుముందే చెప్పింది. ఇన్ని ఉన్నా, డబ్బు కట్టి కొనుక్కున్న తన పార్కింగు గోడకు ఒక ప్లగ్ పెట్టుకోవడానికి మనిషి అసోసియేషన్ ఎన్‌ఓసీ కోసం నెలల తరబడి తిరగాలి. లోడు సరిపోదంటారు. కామన్ మీటరంటారు. ఒకరికిస్తే అందరూ అడుగుతారంటారు. అందరూ అడగడమే కదా ప్రభుత్వాలు కోరుకునే భవిష్యత్తు!

నిప్పు భయం వేరు, దాన్ని వెక్కిరించకూడదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనం తగలబడి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. ఆ భయానికి మందు సరైన వైరింగు, ఎర్తింగు, తేడా వస్తే కరెంటు ఆపే బ్రేకరు. కానీ అనుమతి నిరాకరిస్తే జరిగేది ఏమిటి? మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు దిగుతుంది. నిప్పుకు భయపడి నిప్పునే పిలవడం ఇది. కరెంటు పోగానే అదే బేస్‌మెంటు పక్కన డీజిలు జెనరేటరు గుడగుడమంటూ పొగ కక్కుతుంది, దాని మీద ఏ వాట్సాప్ గ్రూపులోనూ అభ్యంతరం రాదు.

ప్రభుత్వాల వంతు మరీ ఘోరం. టెస్లా 2021 జనవరిలో బెంగళూరులో కంపెనీ నమోదు చేసుకోగానే ఇక్కడ పండగ చేసుకున్నారు. 2025 జులైలో షోరూము తెరిచింది ముంబైలో, కారు దాదాపు 60 లక్షలు, ఫ్యాక్టరీ ఊసు లేదు. ఆంధ్రప్రదేశ్ మంత్రి లోకేశ్ గారు 2024లో ఆస్టిన్ దాకా వెళ్లి పిలిచొచ్చారు. చైనా కంపెనీ బీవైడీ మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్లు కడతామంటే 2023లో కేంద్రం వద్దంది. ఇక విద్యుత్ ట్యాక్సీల కంపెనీ బ్లూస్మార్ట్. 2025 ఏప్రిల్‌లో ఒక్కరోజులో యాప్ మూగబోయింది. దానికి కార్లు సమకూర్చే జెన్‌సోల్ 6,400 కార్ల కోసం అప్పు తెచ్చి 4,704 కొన్నదని, 262 కోట్లకు లెక్క దొరకలేదని, ఆ డబ్బు దారుల్లో 26 లక్షల గోల్ఫ్ సామగ్రి కూడా ఉందని సెబీ తన మధ్యంతర ఉత్తర్వులో రాసింది. ప్రభుత్వ రుణ సంస్థల పచ్చ రుణం పచ్చిక మైదానానికి చేరింది. బతుకు పోయింది డ్రైవర్లది.

2025 సెప్టెంబరులో బళగెరె-పణత్తూరు రోడ్డు మీద పిల్లలున్న స్కూలు బస్సు గుంతలోకి ఒరిగిపోయింది. నగర బస్సుల సంస్థ బీఎంటీసీకి వెయ్యికి పైగా విద్యుత్ బస్సులున్నాయి. అవి కూడా ఇదే రోడ్ల మీద, 682 కిలోమీటర్ల బండ్ల వెనక నిలబడతాయి, ఒక్కో బస్సులో నలభై మందీ యాభై మందీ. దేశంలో విద్యుత్ వాహనాల భవిష్యత్తు మీద జరిగే చర్చల్లో ఆ విద్యుత్ బస్సులకు ప్రత్యేక దారి అడిగే గొంతు వినపడదు.

అపార్ట్‌మెంట్ల ఏజీఎం అజెండాలు తిరగేస్తే ఛార్జింగ్ పాయింట్ల అంశం ఎప్పుడూ చివరి నుంచి రెండోది. దానికి ముందు ట్యాంకరు బిల్లులు, పెంపుడు కుక్కలు, కొత్త సెక్యూరిటీ ఏజెన్సీ, ముగ్గుల పోటీ బహుమతులు. ఛార్జింగ్ వంతు వచ్చేసరికి కోరం ఉండదు. చివరి అంశం భోజనాలు, దానికి కోరం అక్కర్లేదు.