నాణెములు దక్క: సటీక తాత్పర్యం

మూలం: సంఘసభ్యులు ప్రదర్శనశాలయందు నాణెములు, నోట్లు, తపాలా బిళ్ళలు దక్క అన్యవస్తువులను విక్రయింపరాదు.

అవతారిక: హైదరాబాదులో మా పాత నాణేల సంఘంవారు మొన్నటి ప్రదర్శన నాడు లామినేషన్ చేయించి హాలు గుమ్మానికి వేలాడదీసిన సూత్రమిది. 'దక్క' అన్న ప్రయోగాన్ని బట్టి కార్యదర్శిగారి రచనేనని పెద్దల నిర్ణయం. ఫోన్లో ఆయనా 'తప్ప' అనే అంటారు. అవసరం లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పూనిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచెలమ వాడు. ఆ ప్రతిజ్ఞ ఈ టీకాకారుడికి వర్తించదు.

ప్రతిపదార్థం: సంఘసభ్యులు = ఏటా చందా కట్టి ఎన్నికల నాడు చేతులెత్తువారు; ప్రదర్శనశాలయందు = సగం ఫ్యాన్లు తిరగని ఫంక్షన్ హాల్లో; తక్కినవి సుగమం. నాణెములు = ఇక్కడ ఆగవలె.

విశేషం: సంస్కృత నాణకం మనకు నాణెమైంది. చేతిలో బిళ్ళ నాణెమే, మేలిమి సరుకూ నాణెమైనదే. పాణిని 'రూప్య' శబ్దాన్ని సాధిస్తూ ముద్ర దెబ్బ తిన్నదనీ, ప్రశస్తమైనదనీ రెండర్థాలూ ఒక్క సూత్రంలోనే ఇమిడ్చాడు. అంటే అచ్చు పడితే చాలదు, సరుకు మంచిదై ఉండాలని మనవాళ్ళకు మొదటినుంచీ పట్టింపు.

ఇక చిల్లి విచారం. 1943 నుంచి 1947 దాకా సర్కారువారు ముద్రించిన రాగి కాణీకి నడిమధ్య ఇంత చిల్లి. దాన్ని టంకశాలవారే పెట్టారు గనుక అది నాణెం, అమ్మవచ్చు. అమ్మమ్మల కాసులపేరులో వరాహం ఒకటి ఉన్నదనుకోండి. దానికి చిల్లి పెట్టినవాడు కంసాలి. కనుక అది నగ, అమ్మరాదు. దండలోంచి తెంపి బల్లమీద పెడితే మళ్ళీ నాణెమవుతుందా? గవ్వ సంగతేమిటి? ఒకప్పుడు అదీ చలామణీలో ఉన్నదే. చిల్లి పడ్డ గవ్వకైతే మన భాషలో ప్రత్యేక పీఠమే వేశాం. దీని మీద టీకాకారుడు కార్యదర్శిగారికి రెండు పేజీల ఉత్తరం రాశాడు. 'చూస్తాం' అన్నారు.

ఆక్షేపం: హద్దు లేకపోతే ప్రదర్శన నాంపల్లి నుమాయిష్ అయిపోదా?

సమాధానం: అవుతుంది, ఒప్పుకుంటాం. కిందటేడు ఒక సభ్యుడు పాత పింగాణీ జాడీలు తెచ్చాడు. జాడీలు తాతలనాటివే, లోపల ఆవకాయ మాత్రం ఆ ఏటిది. మధ్యాహ్నానికి నాణేల బల్లల దగ్గర ఈగలు తప్ప మనిషి లేడు.

అయినా నా అగ్గిపెట్టె లేబుళ్ళు చేసిన పాపమేమిటి? నలభై ఏళ్ళు పోగుచేసినవి. ఓడ బొమ్మవే పదకొండు రకాలు. ఒక్కటీ దొంగది కాదు, అగ్గిపెట్టె లేబులుకు దొంగది చేసేంత తీరిక ఎవరికుంది గనక? పది నిమిషాల్లో ఆల్బం మూయించారు. నూరేళ్ళు దాటిన నాణేన్ని 1972 నాటి చట్టం పురావస్తువుగా లెక్కగట్టి, దాని వ్యాపారానికి లైసెన్సు అడుగుతుంది. ఆ కాగితం చూపమని ఏ బల్ల దగ్గరా ఎవరూ అడగలేదు.

పక్క బల్ల కమిటీవారిదే. దానిమీద బొద్దుపాటి రాగి బిళ్ళలు, ఒకవైపు రామపట్టాభిషేకం, రెండోవైపు 'ఈస్టిండియా కంపెనీ, హాఫ్ అణా, 1818'. కంపెనీవారు అలాంటి అర్ధణా ఏనాడూ ముద్రించలేదు. పూజగది కోసమో, టోపీ వేయడం కోసమో ఈమధ్య పోతపోసినవి. గుండ్రంగా ఉన్నాయి, లోహం, అంకె వేసి ఉంది, కనుక సూత్రానికి ఏ భంగమూ లేదు.

తాత్పర్యం: ఒక కుర్రాడు అందులో ఒకటి తొమ్మిది వందలకు కొని, నా చేతిలో భూతద్దం చూసి దగ్గరికొచ్చాడు. "అంకుల్, ఇది నాణెమేనా?" అన్నాడు. పైన చెప్పిన రెండర్థాల్లో ఏ అర్థంలో అడిగినా జవాబు ఒకటే. పక్క బల్లవారు ఇటే చూస్తున్నారు. టీకాకారుడు దగ్గి, ముందు నువ్వు కూర్చో బాబూ అని కుర్చీ లాగాడు.