గంట లేని రాలీ

మనుష్యుడు అరువదియవ యేట చేయదగిన పనులు కొన్నింటిని పెద్దలు నిర్ణయించియున్నారు. కాశికి పోవచ్చును, మోకాళ్లకు తైలము పట్టించుకొనవచ్చును, అడుగకున్నను ఎదుటివారి పెండ్లిసంబంధములపై అభిప్రాయము చెప్పవచ్చును. పాత సైకిలు కొనవచ్చునని మాత్రము నేనెరిగిన ఏ ధర్మశాస్త్రమునందును లేదు. ఐనను, ముప్పదేండ్లకు పైగా నందిగాం చుట్టుపట్ల పిల్లలకు సంధులును సమాసములును నూరిపోసి, పదవీవిరమణానంతరము నూరిపోయుటకు ఇంటిలో ఎవ్వరును దొరకక, మా ఇల్లాలు ‘‘మీరు ఎటైనా వెళ్లి రండి’’ అని దినమునకు నాలుగుమార్లు హితవు చెప్పుచుండగా, ఎటైనను పోవుటకు వాహనమొకటి ఉండవలెను గదాయని నేనొక రాలీ సైకిలు కొంటిని.

ఈ కోరిక నిన్నటిది కాదు. మా చిన్నతనమున ఊరికి ఒకటో రెండో రాలీలుండెడివి. ఆసనమందని పిల్లలము నడిమి కడ్డీక్రిందుగా ఒక కాలు దూర్చి, దేహమును ఒక ప్రక్కకు వ్రేలాడదీసి, అడ్డతొక్కుడు తొక్కెడివారము. ఆ భంగిమలో లోకమంతయు ఒక వైపునకు ఒరిగి కనబడును. కాళ్లందిననాడు సీటుమీద నిటారుగా కూర్చుండి లోకమును సరిగా చూడవలెనని అప్పుడే సంకల్పించుకొంటిని. కాళ్లు పెరుగుటకై ఎదురుచూచుచుండగా ఉద్యోగము వచ్చినది, పెండ్లియైనది, స్కూటరు వచ్చినది. ఊరిలో రాలీలు మాయమైనవి.

పూండికి ఆవల, ఉద్దానమున వజ్రపుకొత్తూరు వైపు, ఒక కొబ్బరితోటలోని పెంకుటింట నా రాలీ దొరికినది. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను ఆ ఇంటి పెంకులను ఎగురగొట్టి, అటుకమీద బస్తాలక్రింద దాగియున్న సైకిలును ఆకాశమునకు చూపించినదట. ‘‘సెట్లన్నీ పడిపోనాయి గానీ, ఇది కదల్లేదు బావూ,’’ అని ఇంటి ముసలమ్మ దాని నడిమి కడ్డీని నిమిరినది. భర్త పోయి చాలకాలమైనది, సైకిలు ఆయనది. బేరము నాలుగువేలకు తెగిన పిమ్మట ఆమె లోపలినుండి స్పానరు తెచ్చి, ఎంతో నిదానముగా గంటను విప్పి కొంగున మూటగట్టుకొనెను. ‘‘గంట లేకుండా సైకిలేమిటమ్మా?’’ అంటిని. ‘‘సైకిలు నీకమ్మినాను. గంట అమ్మలేదు కదా. దాన్యం ఆరబెడితే కోళ్లని తోలడానికి నాకుండాలి,’’ అని ఆమె తీర్పు. తర్కశాస్త్రమున దీనికి ప్రత్యుత్తరము లేదు.

ఇంటికి తెచ్చి తుడువగా ముందరి బిళ్లపై కొంగ తల బయటపడినది. అది రాలీ చిహ్నము. మా వీథిపిల్లలు మాత్రము అది ఏటేట తేలినీలాపురమునకు వలసవచ్చు పక్షులలో దారితప్పినదని తేల్చివైచిరి. నాటింగుహాము నగరమున రాలీ వీథియందు చిన్న దుకాణముగా పుట్టిన ఈ సంస్థను, రోగము కుదురుటకై సైకిలెక్కి, కుదిరిన పిమ్మట దుకాణమునే కొనివేసిన ఫ్రాంక్ బౌడెన్ అనునాయన 1888 ప్రాంతమున పెంచి పెద్దచేసెను. ఇక తోలుసీటు చరిత్ర వేరు. బర్మింగుహాము తోలువర్తకుడు బ్రూక్స్, గుఱ్ఱము చచ్చిపోగా అరువు సైకిలెక్కి, అది పెట్టిన బాధ భరింపలేక, మేలైన సీటొకటి చేసి 1882లో హక్కులు పొందెను. గాలిటైరును 1888లో బెల్ఫాస్టున కొడుకు మూడుచక్రముల బండికై సిద్ధము చేసిన డన్లప్ పశువైద్యుడు. చచ్చిన గుఱ్ఱమొకవైపు, పశువైద్యుడొకవైపు నిలిచి జన్మనిచ్చిన వాహనము అప్పుడప్పుడు మొండికెత్తినచో ఆశ్చర్యపడనేల?

మొండితనముకంటె గొప్ప చిక్కు దాని ఎత్తు. ఇరువదియెనిమిది అంగుళముల చక్రములు, ఇరువది కిలోలకు తగ్గని ఉక్కు, కడ్డీల బ్రేకులు, వాటిపైన సీటు. ఆ సీటుపైన నేను. ఏబదియేండ్లు నిరీక్షించి ఎక్కి కూర్చుంటిని గదా, తీరా చూడగా కాలు నేలకు అందలేదు! ఎక్కుటకు అరుగు కావలెను, దిగుటకును అరుగు కావలెను. అందుచేత నా ప్రయాణములన్నియు ఊరినుండి ఊరికి గాక అరుగునుండి అరుగునకు సాగుచున్నవి. కొత్త డాబాలకు అరుగులు లేవు, ఇనుపగేట్లున్నవి. వాటిముందు ఆగుటకు నాకు వీలులేదు. అరుగులున్న పాతయిండ్లలో మనుష్యులును ఉందురు, మనుష్యులున్నచోట ప్రశ్నలుండును. ‘‘ఎంతకిచ్చినారు మాస్టారూ?’’ అనునది మొదటిది. ‘‘మా అయ్యకీ ఇలాటిదే ఉండీది’’ అనునది రెండవది, దానితో అరగంట. ఇది నాటింగుహాము సరుకా, ఆసన్సోలున చేసిన సేన్-రాలీయా అనునది మూడవది, దానితో పూట. పలాసకు జీడిపప్పుకై ఉదయమున బయలుదేరిన నేను సాయంకాలము ఐదు కుటుంబముల వంశవృక్షములతోను, పప్పు లేకుండను ఇల్లు చేరుకొందును.

హైదరాబాదునుండి వచ్చిన మా మేనల్లుడు దీనిని చూచి ఉప్పొంగిపోయినాడు. ‘‘మావయ్యా, ఇది వింటేజ్ స్టీల్! నగరంలో దీనికోసం పడిచస్తారు,’’ అని, 1935లో రెనాల్డ్స్‌వారు 531 అను పేర మాంగనీసు, మాలిబ్డినము కలిపిన ఉక్కుగొట్టములు చేసిరనియు, పందెపు సైకిళ్లకు అవి ప్రాణమనియు ఉపన్యసించెను. నా సైకిలు గొట్టములలో అట్టి దినుసులేవియు లేవు. అది కలగలుపెరుగని ఉక్కు. ఐనను వాని మాటకు పొంగి, పందెపు సైకిలువలె కనబడవలెనని గొలుసును కప్పియుండు నిండు డబ్బాను ఊడబెరికించితిని. మరునాడు రహదారిపై విశాఖనుండి శిరస్త్రాణములు ధరించి వచ్చు యువకులు ఎనిమిది, తొమ్మిది కిలోల సైకిళ్లమీద నన్ను దాటిపోవుచుండగా, వారిని అందుకొనదలచి నాలుగు తొక్కులు బలముగా తొక్కితిని. ఐదవ తొక్కుకు నా పంచె కుచ్చిళ్లు గొలుసులో పడినవి. అరుగు లేదు, గంట లేదు, ఇప్పుడు పంచెయు లేదు. ‘‘తొలగుడు! తొలగుడు!’’ అని అరచితిని. ఎదుటనున్న మేకలు కదలలేదు. ‘‘ఎహె, తప్పుకోండే!’’ అని కాపరిపిల్లవాడు అనగానే తప్పుకొన్నవి. పర్లాకిమిడిలో పాఠములు చెప్పిన గిడుగు రామమూర్తిగారు వ్యావహారికమునకై జీవితమంతయు పోరాడినది ఎందులకో నాకు ఆనాడు తుమ్మపొదలో పడి బోధపడినది.

డబ్బాను మరల బిగించితిని. గ్రాంథికమును మాత్రము విడువలేదు. రెండును బరువే, రెండును పాతవే, కాని పంచెను కాపాడునవి.

మొన్నటి సంక్రాంతికి ముసలమ్మకు సైకిలు చూపించి రావలెనని ఉద్దానమునకు పోయితిని. ఆమె ఇంటి అరుగుచెంత కాలు చాపగా ఆశ్చర్యము! పాదము నిండుగా, మడమతోసహా, అరుగుమీద నిలిచినది. వ్రేలికొసపై నిలువలేదు, ఎగురలేదు, ఒరుగలేదు. నేను కొలిచి కట్టించుకొన్నను అంత సరిగా కుదరదు. ఆ మాటే ఆమెతో అంటిని.

‘‘కుదరకేం బావూ? మా ముసిలోడివీ నీలాగే పొట్టికాళ్లు. ఊరందరూ నవ్వుతారని, తాపీమేస్త్రీని పిలిచి, సైకిలెక్కి కూసుని, కాలు చాపి, ఇక్కడికి కట్టమన్నాడు,’’ అనెను.

అంతటి బంధుత్వము తేలిన పిమ్మట గంటనిచ్చునని ఆశ కలిగి మెల్లగా అడిగితిని. ఆమె ధాన్యముపైకి వచ్చిన కోడిని చూచి కొంగులోని గంటను ఒకసారి గణగణలాడించి, మరల ముడివైచుకొనెను.

‘‘గంట ఇవ్వను గానీ,’’ అనెను, ‘‘అరుగు నీదే అనుకో.’’